నాన్నకు పెద్దపేగు క్యాన్సర్: ముగ్గురు సర్జన్లు మూడు రకాల ఆపరేషన్లు చెప్పారు, ఏం చేయాలి?

మిర్చిరైతు_కొడుకు · ఫిబ్రవరి 11, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే కానీ రాయడం ఇదే మొదటిసారి. మాది ఖమ్మం దగ్గర పల్లె, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నాన్నకు 61. దసరా నుంచి నీరసం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఊళ్లో బలానికని సెలైన్లు పెట్టారు. టౌన్‌లో ఇంకో డాక్టర్ గ్యాస్ అని మూడు నెలలు మాత్రలు వాడించారు. సంక్రాంతికి ఇంటికెళ్లి చూస్తే మనిషి సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉన్నాడు. హిమోగ్లోబిన్ 7.4. ఇక్కడికి తీసుకొచ్చి కోలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయిస్తే కుడివైపు పెద్దపేగులో గడ్డ, బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. సీటీ స్కాన్‌లో లివర్, ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. సీఈఏ (ఈ క్యాన్సర్‌కు చూసే రక్తపరీక్ష) 6.1.

ముగ్గురు సర్జన్ల దగ్గరికి తిరిగాం. మొదటాయన పొట్ట కోసి చేస్తాం, చేతికి తెలిసినంత కెమెరాకు తెలియదు అన్నారు. రెండో ఆయన ల్యాప్రోస్కోపీ, అంటే చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేయడం. మూడో చోట రోబో, దానికి రెండో ఆయన చెప్పినదానికంటే లక్షన్నర ఎక్కువ. మా బాబాయ్ రోబోనే చేయించమని పట్టుబడుతున్నాడు. నాన్న అడిగేవి రెండే: మలం కోసం పొట్ట మీద సంచి పెడతారా? మళ్లీ బస్తా ఎత్తగలనా? పైగా తేజ మిర్చి కోతకొచ్చింది, అమ్ముకున్నాక ఏప్రిల్‌లో చేయించుకుంటానంటున్నాడు. వారం నుంచి నాకు నిద్ర లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

డల్లాస్_సుబ్బు · ఫిబ్రవరి 11, రాత్రి 11:25

తమ్ముడూ, టెన్షన్ పడకు. రోబోకే వెళ్లు. ఇక్కడ అమెరికాలో చాలామంది అదే చేయించుకుంటున్నారు. మా కొలీగ్ వాళ్ల నాన్నగారు నాలుగో రోజున వాకింగ్ చేశారు. త్రీడీలో కనిపిస్తుంది, చెయ్యి వణకదు, చిన్న చిన్న రంధ్రాలే. లక్షన్నర గురించి ఆలోచించే సమయమా ఇది? నాన్న కదా.

కొండాపూర్_పద్మ · ఫిబ్రవరి 12, ఉదయం 6:50

ఏప్రిల్ అన్న మాట మాత్రం వినకండి. మా అమ్మ కథ చెప్తాను.

అమ్మకు ఎడమవైపు గడ్డ, సిగ్మాయిడ్ అంటారట. రక్తం పడుతుంటే పైల్స్ అనుకుని ఆరు నెలలు పసరు మందు వాడింది. 2021లో ఒకరోజు పొట్ట డోలులా ఉబ్బి వాంతులు. పేగు పూర్తిగా మూసుకుపోయిందని అర్ధరాత్రి ఆపరేషన్. పొట్ట కోయాలా, కెమెరాతోనా అని మమ్మల్ని ఎవరూ అడగలేదు, అడిగే టైమూ లేదు. గడ్డ తీసేసి, కింది పేగును మూసేసి, పై పేగును పొట్ట మీదకు తెచ్చి సంచి పెట్టారు. అమ్మకు తెలివి వచ్చాక అది చూసుకుని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఏడు నెలల తర్వాత మళ్లీ ఆపరేషన్ చేసి పేగు కలిపారు. ఆ ఏడు నెలలూ పెళ్లికి వెళ్లలేదు, గుడికి వెళ్లలేదు. ఇప్పుడు బాగుంది, మనవడి వెనకాల పరుగెత్తుతోంది.

మీకు మూడు దారుల్లో ఏది అని ఆలోచించుకునే టైమ్ ఉంది కదా, అదే పెద్ద అదృష్టం. దాన్ని మిర్చికి పోగొట్టుకోకండి.

కత్తిపీట_డాక్టర్ · ఫిబ్రవరి 12, మధ్యాహ్నం 2:15

నేను జనరల్ సర్జన్‌ని. గుంటూరు వైపు ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైర్ అయ్యాను. మీ నాన్నగారిని నేను చూడలేదు కాబట్టి ఆయన గురించి నిర్ణయం చెప్పను, తెలిసిన సంగతులు చెప్తాను.

పద్మ గారి అమ్మగారికి చేసింది హార్ట్‌మన్ ఆపరేషన్. హెన్రీ హార్ట్‌మన్ అనే ఫ్రెంచ్ సర్జన్ 1921లో చెప్పిన పద్ధతి. వందేళ్లు దాటినా అర్ధరాత్రి పూట ప్రాణం కాపాడేది ఇప్పటికీ అదే. కొన్నిచోట్ల ముందు స్టెంట్ అనే వలలాంటి గొట్టం పెట్టి అడ్డు తెరిచి, రెండు వారాలాగి తీరిగ్గా ఆపరేషన్ చేస్తారు, సంచి తప్పే అవకాశం పెరుగుతుంది. కానీ అది ఎడమవైపు గడ్డల సంగతి. మీ నాన్నగారిది కుడివైపు. అక్కడ ముందే ప్లాన్ చేసుకుని చేసే ఆపరేషన్‌లో సంచి అవసరం చాలా అరుదు. చిన్నపేగు చివరను మిగిలిన పెద్దపేగుకు అతికేస్తారు. ఆ మాట ఆయనకు ఇవాళే చెప్పండి, సగం భయం పోతుంది.

ఇక మూడు దారుల సంగతి. కెమెరాతో పెద్దపేగు ఆపరేషన్ 1990ల మొదట్లో మొదలైంది. మొదలైన కొన్నాళ్లకే మా వాళ్లంతా హడలిపోయారు. రంధ్రాలు పెట్టినచోట చర్మం కింద క్యాన్సర్ మళ్లీ మొలుస్తోందని రిపోర్టులు వచ్చాయి. 1994లో ఒక చోట 14 మందికి చేస్తే ముగ్గురిలో అలా కనిపించింది. చాలామంది సర్జన్లు క్యాన్సర్‌కు కెమెరా ముట్టుకోం అన్నారు. నేనూ అన్నాను. అందుకే అమెరికా, కెనడాల్లో 48 ఆసుపత్రులు కలిసి 872 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసి, సగం మందికి పొట్ట కోసి, సగం మందికి కెమెరాతో చేశారు. 2004లో ఫలితం వచ్చింది. మూడేళ్లలో క్యాన్సర్ తిరగబెట్టింది కెమెరా గుంపులో 16 శాతం, కోత గుంపులో 18 శాతం. బతికి ఉన్నవాళ్లు 86, 85. కోత పడిన చోట మళ్లీ క్యాన్సర్ రావడం రెండు గుంపుల్లోనూ ఒక శాతం లోపే. అంటే క్యాన్సర్ నయం కావడంలో తేడా లేదు. కోత పొడవు మాత్రం 6 సెంటీమీటర్లు, 18 సెంటీమీటర్లు. ఆసుపత్రిలో ఉన్నది 5 రోజులు, 6 రోజులు. నొప్పి ఇంజెక్షన్లు ఒక రోజు తక్కువ. అంతే.

రెండు విషయాలు అందరూ మర్చిపోతారు. ఆ పరిశోధనలో చేరాలంటే సర్జన్ అప్పటికే కనీసం 20 పెద్దపేగు ఆపరేషన్లు కెమెరాతో చేసి, వీడియో చూపించాలి. అలాంటి చేతుల్లో కూడా 21 శాతం మందికి మధ్యలో కెమెరా ఆపి పొట్ట తెరవాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ సంఖ్య తగ్గింది, కానీ సున్నా కాలేదు. అలా తెరవడం ఓటమి కాదు. తెరవాల్సినప్పుడు తెరవని సర్జన్‌ను చూస్తేనే నాకు భయం.

డల్లాస్_సుబ్బు · ఫిబ్రవరి 12, రాత్రి 8:05

డాక్టర్ గారూ, మీరు చెప్పేది 2004 నాటి సంగతి. రోబో గురించి 2025లో చైనా నుంచి పెద్ద స్టడీ వచ్చింది. 1,240 మంది. మూడేళ్లలో అదే చోట తిరగబెట్టడం రోబోలో 1.6 శాతం, ల్యాప్రోస్కోపీలో 4 శాతం. సగం కంటే తక్కువ!

కత్తిపీట_డాక్టర్ · ఫిబ్రవరి 12, రాత్రి 9:30

సుబ్బు గారూ, స్టడీ మంచిదే, అంకెలూ నిజమే. కానీ అది రెక్టమ్ క్యాన్సర్ మీద, అంటే మలద్వారానికి దగ్గరి భాగం. అది కటి ఎముకల మధ్య ఇరుకు సందులో ఉంటుంది. మామూలు కెమెరా పరికరాలు నిటారు కర్రల్లాంటివి, లోపల వంగవు. రోబో చెయ్యి మణికట్టులా తిరుగుతుంది. ఆ ఇరుకులో దానికి లాభం ఉండటంలో ఆశ్చర్యం లేదు. అక్కడ కూడా 2017లో వచ్చిన అంతకు ముందరి స్టడీలో, 471 మందిలో, పొట్ట తెరవాల్సి రావడం రోబోలో 8.1 శాతం, మామూలు కెమెరాలో 12.2. అది కచ్చితమైన తేడా అని చెప్పలేకపోయారు.

మిర్చి రైతు గారి గడ్డ ఉన్నది కుడివైపు, విశాలమైన వాకిట్లో. కుడివైపు మీద కొరియాలో చిన్న స్టడీ చేశారు, గుంపుకు 35 మంది. రోబోకు 195 నిమిషాలు, ల్యాప్రోస్కోపీకి 130. ఖర్చు ఎక్కువ, కోలుకోవడంలో తేడా లేదు. ఇప్పుడు యంత్రాలు మెరుగయ్యాయి, చేతులు తిరిగాయి, ఒప్పుకుంటాను. రోబోతో ఎక్కువగా చేసే సర్జన్ దగ్గరే కుదిరితే రోబోతోనే చేయించుకోండి, తప్పు లేదు. కానీ అప్పు చేసి లక్షన్నర పోసినందుకు ఆయుష్షు పెరుగుతుందని మాత్రం అనుకోకండి.

ఇంకో మాట. ‘నాన్న కదా’ అనే మాటతో ఎవరికీ ఏదీ అమ్మకండి. నలభై ఏళ్లు ఓపీలో కూర్చున్నాను. ఆ మాట విని పొలం తాకట్టు పెట్టినవాళ్లను చాలామందిని చూశాను.

డల్లాస్_సుబ్బు · ఫిబ్రవరి 12, రాత్రి 10:10

సారీ తమ్ముడూ, ఆ ఉద్దేశంతో అనలేదు. మా నాన్నగారి టైమ్‌లో నేను ఇక్కడ ఉండిపోయాను, ఆ బాధతో నోరు జారింది.

విజయనగరం_మాస్టారు · ఫిబ్రవరి 13, ఉదయం 5:30

నేను రిటైర్డ్ లెక్కల మాస్టర్ని, వయసు 68. 2012లో విశాఖలో నాకు ఎడమవైపు పెద్దపేగు తీశారు. పొట్ట కోసే చేశారు. ఛాతీ కింద నుంచి బొడ్డు పక్కగా దిగువకు ఇంత పొడుగు గీత. పద్నాలుగేళ్లయింది, ఇంకా మీతో వాదిస్తున్నాను. కాబట్టి ఓపెన్ అనగానే పాతకాలం అనుకోవద్దు బాబూ.

కానీ నిజం కూడా చెప్పాలి. ముక్కులో గొట్టం ఐదు రోజులు ఉంచారు. మంచినీళ్ల చుక్క ఇవ్వలేదు, తడిగుడ్డతో పెదాలు తుడిచేవారు. వార్డులో పొద్దున్నే డాక్టర్ దగ్గర నుంచి ఆయా దాకా ఒకటే ప్రశ్న, ‘గాలి పోయిందా?’ ముప్పై ఏళ్లు క్లాసులో ఎవడైనా గాలి వదిలితే బెంచీ ఎక్కించినవాణ్ణి. ఆరో రోజున పోతే మా ఆవిడ ఫోన్లు చేసి బంధువులందరికీ చెప్పింది.

రెండేళ్లకు కుట్ల దగ్గర వాపు, దగ్గితే ఉబికేది. హెర్నియా అన్నారు. వల వేసి కుట్టారు, అది ఇంకో ఆపరేషన్. మీ నాన్నగారు బస్తాలు ఎత్తే మనిషి కాబట్టి ఈ సంగతి సర్జన్‌ను అడగండి. క్యాన్సర్ సంగతి సరే, పొట్ట గోడ సంగతేమిటి అని.

స్టోమా_సిస్టర్ · ఫిబ్రవరి 13, మధ్యాహ్నం 1:00

మాస్టారి పోస్టు చదివి డ్యూటీ రూమ్‌లో నవ్వుకున్నాం. ఇప్పుడు అన్ని రోజులు కడుపు మాడ్చరు సార్. 1990ల్లో డెన్మార్క్‌లో కెహ్లెట్ అనే సర్జన్ ఆ పద్ధతంతా తిరగేశారు. ముక్కులో గొట్టం వద్దు, త్వరగా నీళ్లు, త్వరగా నడక, మత్తు తెప్పించే నొప్పి మందులు తగ్గించాలి. పొట్ట కోసినవాళ్లనే రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపి చూపించారు. తర్వాత నెదర్లాండ్స్‌లో 400 మంది మీద పోల్చితే, కెమెరా ఆపరేషన్‌కు ఈ సంరక్షణ తోడైతే ఆసుపత్రిలో 5 రోజులు, రెండూ లేకపోతే 7 రోజులు పట్టింది. కాబట్టి బాబూ, ఏ ఆసుపత్రికి వెళ్లినా ‘ఆపరేషన్ అయిన మర్నాడు నడిపిస్తారా, నీళ్లు ఎప్పుడిస్తారు’ అని అడుగు. దానికి తడబడితే అక్కడ ఏ యంత్రం ఉన్నా ఒకటే.

మీ నాన్న బీడీ తాగుతాడా? తాగితే ఈ రోజే ఆపించు. మూడు బంతులుండే ఊపిరి పరికరం మందుల షాపులో దొరుకుతుంది. ఇప్పటి నుంచే గంటకు పదిసార్లు పీల్చమను. రక్తం తక్కువగా ఉంది కాబట్టి ఐరన్ ఎక్కించాలా, రక్తం పెట్టాలా అన్నది వాళ్లు చూసుకుంటారు. వీటికి రెండు మూడు వారాలు పట్టినా వృథా కాదు. రెండు నెలలు మాత్రం ఆగకూడదు, పద్మ చెప్పిందే నిజం.

తెల్ల రేషన్ కార్డు ఉందా? తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి 10 లక్షలు. మీరు వెళ్లే ఆసుపత్రి అందులో ఉందో లేదో, ఏ ఆపరేషన్‌కు ఎంత వస్తుందో ఆరోగ్యమిత్రను అడుగు. కౌంటర్‌లో కూర్చున్నవాళ్లను కాదు.

ప్రకృతి_మార్గం · ఫిబ్రవరి 13, సాయంత్రం 4:20

[ఈ పోస్టును చావడి పెద్ద తొలగించారు]

చావడి_పెద్ద · ఫిబ్రవరి 13, సాయంత్రం 4:45

పసుపు, గోమూత్రంతో ఆపరేషన్ లేకుండా గడ్డ కరుగుతుందని ఫోన్ నంబర్ పెట్టారు. తీసేశాను. మళ్లీ పెడితే సభ్యత్వం ఉండదు.

ల్యాబ్_లలిత · ఫిబ్రవరి 13, రాత్రి 9:15

నేను పాథాలజిస్ట్‌ని. తీసిన పేగు చివరికి నా బల్ల మీదకే వస్తుంది. అక్కడి నుంచి చూస్తే ఈ చర్చ వేరేగా కనిపిస్తుంది. పొట్ట మీద గీత ఎంతో నాకు తెలియదు, తెలిసేది లోపల ఎంత శుభ్రంగా తీశారన్నదే. పేగుకు అంటుకుని ఉండే కొవ్వు పొరలో లింఫ్ గ్రంథులు శనగగింజలంత, ఆవగింజలంత ఉంటాయి. కనీసం 12 వెతికి చూడాలి. అయిదారే దొరికితే ‘క్యాన్సర్ పాకలేదు’ అన్న మాటను నేను ధైర్యంగా రాయలేను. తీసినాయన తక్కువ తీశారా, నేను సరిగ్గా వెతకలేదా, రెండూ కావచ్చు. అందుకే ‘మీ దగ్గర సగటున ఎన్ని నోడ్స్ (లింఫ్ గ్రంథులు) వస్తాయి’ అని అడగండి.

ఇంకొకటి, ఇది ఆపరేషన్‌కు ముందే. బయాప్సీ ముక్క మీద ఎంఎంఆర్ అనే పరీక్ష చేయించండి. నాలుగు ప్రోటీన్లు ఉన్నాయా లేవా చూస్తారు. కుడివైపు గడ్డల్లో అవి లోపించడం కొంచెం ఎక్కువ. లోపిస్తే రెండు సంగతులు. ఒకటి, అది వంశపారంపర్యం కావచ్చు, అప్పుడు మీరూ చూపించుకోవాలి. రెండోది, అలాంటి గడ్డలకు నాలుగో దారి ఒకటి తెరుచుకుంటోంది. నెదర్లాండ్స్‌లో అటువంటి 115 మందికి ఆపరేషన్‌కు ముందు కొద్ది వారాలు ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకు ఉసిగొలిపే మందు) ఇచ్చి ఆ తర్వాత పేగు తీశారు. 68 శాతం మంది పేగులో ఒక్క క్యాన్సర్ కణం కూడా మిగల్లేదు. ఆ మందు ఖరీదు ఎక్కువే. కానీ పరీక్ష ఖరీదైనది కాదు, చేయించకుండా బల్ల ఎక్కించకండి.

కత్తిపీట_డాక్టర్ · ఫిబ్రవరి 13, రాత్రి 10:50

లలిత గారు అసలు విషయానికి వచ్చారు. జర్మనీలో ఎర్లాంగెన్ అనే ఊళ్లో హోహెన్‌బర్గర్ అనే సర్జన్ 2009లో తమ 1,329 మంది రోగుల లెక్క బయటపెట్టారు. ఆయన చేసిందల్లా పేగును దాని పొర చిరగకుండా, కవరు విప్పకుండా ఉత్తరాన్ని కవరుతో సహా తీసినట్టు మొత్తంగా తీయడం, రక్తనాళాన్ని అది మొదలయ్యే చోటే కట్టేయడం. ఐదేళ్లలో అక్కడే తిరగబెట్టడం 6.5 శాతం నుంచి 3.6కి తగ్గింది. క్యాన్సర్‌తో చనిపోకుండా ఉన్నవాళ్లు 82.1 నుంచి 89.1కి పెరిగారు. అన్నీ పొట్ట కోసి చేసినవే! అయితే అది పాత రోజులతో కొత్త రోజుల పోలిక, కాబట్టి మొత్తం పుణ్యం పొరకే కట్టబెట్టలేం. తర్వాత చైనాలో చీటీ పద్ధతిలో సుమారు వెయ్యి మంది మీద చూస్తే, మూడేళ్లు క్యాన్సర్ లేకుండా ఉన్నవాళ్లు ఇలా మొదలు దాకా లోతుగా తీసిన గుంపులో 86.1, మామూలు గుంపులో 81.9. తేడా కనిపిస్తోంది కానీ లెక్కల ప్రకారం కచ్చితం అనలేకపోయారు. రక్తనాళాలు తెగడం మాత్రం 1 శాతం నుంచి 3కి పెరిగింది. చేయి తిరగని సర్జన్ అంత లోతుకు వెళ్తే ప్రమాదమని దానర్థం.

మిర్చి రైతు గారూ, మళ్లీ వెళ్లినప్పుడు మీరు చేస్తారా, మీ జూనియర్ చేస్తారా అని అడగండి. ఏడాదికి పెద్దపేగు క్యాన్సర్లు ఎన్ని చేస్తారు, ఎంతమందికి మధ్యలో తెరవాల్సి వస్తుంది, అతికిన చోట ఎంతమందికి లీక్ అయింది. లీక్ లేదు అంటే నమ్మకండి. యూరప్ సర్జన్లు 2015లో కుడివైపు ఆపరేషన్లు 3,208 లెక్క పెడితే 8.1 శాతం మందికి లీక్ అయింది. అడిగితే కోపగించుకునే ఆయన దగ్గర నేనైతే నా పొట్ట పెట్టను.

మిర్చిరైతు_కొడుకు · ఫిబ్రవరి 18, రాత్రి 11:05

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియట్లేదు. ముందు నాన్నకు సంచి ఉండదని చెప్పాను. రెండు నిమిషాలు ఏమీ అనలేదు. తర్వాత ‘అయితే కూలీలకు ఫోన్ చెయ్, కోత వాళ్లే చూసుకుంటారు’ అన్నాడు. అంతే, ఏప్రిల్ మాట పోయింది. సంచి అంటే భయంతోనే మిర్చి మాట ఎత్తాడని అప్పుడు అర్థమైంది.

మళ్లీ ముగ్గురి దగ్గరికీ వెళ్లాను. రోబో చోట ఈసారి కోఆర్డినేటర్‌ను దాటి సర్జన్ గారినే కలిశాను. ఆయనే ‘మీ నాన్నగారి గడ్డకు పెద్ద తేడా ఉండదు, నేను ల్యాప్రోస్కోపీతో కూడా చేస్తాను’ అన్నారు! మొన్నటిదాకా రోబో రోబో అన్నది కౌంటర్‌వాళ్లు. మొదటాయన నేను అడిగినవన్నీ ఓపిగ్గా చెప్పారు. కెమెరాతో తాను పెద్దగా చేయనని, తన చేతికి అలవాటైందే చెప్పానని ఒప్పుకున్నారు. ఆయన మీద గౌరవం పెరిగింది. రెండో ఆయన తానే చేస్తానని, పదిమందిలో ఒకరికి తెరవాల్సి వస్తుందని, నోడ్స్ సగటున ఇరవై దాకా వస్తాయని చెప్పారు. లీక్ గురించి అడిగితే ‘గత సంవత్సరం ముగ్గురికి అయింది, ఒకాయన్ను కాపాడలేకపోయాం’ అన్నారు. విని గుండె జారింది, కానీ ఆయన దగ్గరే చేయించాలని కూడా అప్పుడే అనిపించింది.

ఎంఎంఆర్‌లో నాలుగు ప్రోటీన్లూ ఉన్నాయి. బీడీలు ఆపేశాడు, అంటే అమ్మ దాచేసింది. ఐరన్ ఎక్కించారు, ఒక బాటిల్ రక్తం పెట్టారు.

స్టోమా_సిస్టర్ · ఫిబ్రవరి 18, రాత్రి 11:40

మంచిది బాబూ. మూడో రోజు నుంచి ఏడో రోజు దాకా కన్ను వేసి ఉంచు. జ్వరం, పొట్ట నొప్పి తగ్గకపోగా పెరగడం, నాడి వందా ఇరవై దాకా పోవడం. ఈ మూడింటిలో ఏది కనిపించినా పొద్దున రౌండ్స్ దాకా ఆగకుండా అప్పుడే డ్యూటీ డాక్టర్‌ను పిలువు. పిలిచినందుకు ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనీ.

మిర్చిరైతు_కొడుకు · మార్చి 5, సాయంత్రం 6:30

ఫిబ్రవరి 26న ఆపరేషన్ అయింది. మూడు గంటల నలభై నిమిషాలు. తెరవాల్సిన అవసరం రాలేదు. బొడ్డు దగ్గర ఆరు సెంటీమీటర్ల కోత, అందులో నుంచే పేగు బయటకు తీశారు. రంధ్రాల ఆపరేషన్ అంటే అసలు కోతే ఉండదనుకున్నాను, ఉంటుంది. మర్నాడు సాయంత్రం కుర్చీలో కూర్చోబెట్టారు. మూడో రోజు మాస్టారి పరీక్ష పాసయ్యాడు, అమ్మ మా ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది.

ఐదో రోజు రాత్రి మాత్రం మా ప్రాణాలు పోయాయి. జ్వరం 101, నాడి 118. సిస్టర్ చెప్పింది గుర్తొచ్చి ఒంటిగంటకు డ్యూటీ డాక్టర్‌ను లేపాను. వెంటనే సీటీ తీశారు. లీక్ లేదు. ఊపిరితిత్తుల కింది భాగంలో నిమ్ము చేరిందట. నలభై ఏళ్ల బీడీలు. ఆ మూడు బంతుల్లో మూడోది ఒక్కసారి కూడా లేవలేదు మరి. యాంటీబయాటిక్స్ ఇచ్చారు, ఎనిమిదో రోజున, ఇవాళ, డిశ్చార్జ్ చేశారు.

మిర్చిరైతు_కొడుకు · మార్చి 10, రాత్రి 9:00

బయాప్సీ రిపోర్ట్ వచ్చింది. 22 గ్రంథులు చూశారు, ఒకదానిలో ఉంది. పిటి3, ఎన్1ఏ అని రాశారు. మూడో స్టేజ్ అట. మొత్తం తీసేశారని చెప్పాక ఇదేమిటి? ఆ రోబోకు వెళ్లి ఉంటే...

ల్యాబ్_లలిత · మార్చి 10, రాత్రి 9:25

ఆ ఆలోచన మానేయండి. ఆ గ్రంథిలోకి అది ఆపరేషన్‌కు ముందే వెళ్లింది. 22 వెతికారు కాబట్టే దొరికింది. పది చూసి ఆపి ఉంటే రెండో స్టేజ్ అని రాసేవాళ్లేమో, మీరు సంతోషంగా ఇంటికెళ్లేవాళ్లు, కీమో ఉండకపోయేదేమో. ఈ రిపోర్టు నా బల్ల మీదకు వచ్చి ఉంటే ఆ సర్జన్‌ను మెచ్చుకునేదాన్ని.

కత్తిపీట_డాక్టర్ · మార్చి 10, రాత్రి 10:15

మూడో స్టేజ్ అనగానే కంగారు వద్దు, ఇందులో తక్కువ ప్రమాదం ఉన్న రకం మీది. ఇలాంటివారికి ఆపరేషన్ తర్వాత కీమో ఇస్తారు, ఎనిమిది వారాల్లోపు మొదలవ్వాలి. ఒకప్పుడు అందరికీ ఆరు నెలలు ఇచ్చేవాళ్లు. 2018లో 12,834 మంది లెక్కలు కలిపి చూశారు. మీ నాన్నగారి లాంటి దశలో క్యాపాక్స్ అనే మందుల జంటను మూడు నెలలు ఇచ్చినవాళ్లలో మూడేళ్లు క్యాన్సర్ లేకుండా ఉన్నది 85 శాతం. ఆరు నెలలు ఇచ్చినవాళ్లలో ఇంచుమించు అంతే. కానీ చేతులు కాళ్లు ఇబ్బంది పెట్టేంతగా తిమ్మిరెక్కడం ఆ మందుకు ఆరు నెలల్లో 45 శాతం, మూడు నెలల్లో 14. పొలం పని చేసే మనిషికి వేళ్లు ఎంత ముఖ్యమో మీకు చెప్పక్కర్లేదు. మూడు నెలలు సరిపోతుందా అని మీ ఆంకాలజిస్ట్‌ను అడగండి.

విజయనగరం_మాస్టారు · మార్చి 11, ఉదయం 5:40

నాది కూడా మూడో స్టేజే బాబూ, మొన్న రాయలేదు. 17 గ్రంథులు చూస్తే రెండింటిలో ఉంది.

మిర్చిరైతు_కొడుకు · మే 17, సాయంత్రం 7:10

చాలా రోజులకు వచ్చాను. మార్చి నెలాఖరున క్యాపాక్స్ మొదలుపెట్టారు, మూడు వారాలకోసారి సెలైన్, మధ్యలో మాత్రలు. మూడు అయ్యాయి, ఇంకొకటి ఉంది. వాంతులు పెద్దగా లేవు. సమస్య చలవతోనే. ఖమ్మం ఎండల్లో ఫ్రిజ్ తలుపు ముట్టుకోలేడు, కుండనీళ్లు తాగినా గొంతులో సూదులు గుచ్చినట్టు ఉంటుందంటాడు. గోరువెచ్చని నీళ్లు తాగుతూ నన్ను తిడుతున్నాడు. బరువు ఆరు వారాలు ఎత్తొద్దన్నారు. ఏడో వారం చెప్పకుండా సగం బస్తా ఎత్తాడు, అమ్మ పట్టుకుంది. హిమోగ్లోబిన్ 11.2.

స్టోమా_సిస్టర్ · మే 17, రాత్రి 8:00

ఆ చలవ బాధ సెలైన్ ఎక్కిన తర్వాత కొన్ని రోజులు ఎక్కువగా ఉండి తగ్గుతుంది. పొద్దున్నే మోటార్ దగ్గర చన్నీళ్లలో చేతులు పెట్టనీయకు. తిమ్మిరి తర్వాతి సెలైన్ దాకా తగ్గకుండా ఉంటే డాక్టర్‌కు చెప్పాలి, డోసు తగ్గిస్తారు. ఓర్చుకోవడం గొప్ప కాదని ఆయనకు చెప్పు. కీమో అయ్యాక సీఈఏ మూడు నుంచి ఆరు నెలలకోసారి, ఆపరేషన్ అయిన ఏడాదికి ఒక కోలనోస్కోపీ, ఐదేళ్లు ఈ పరీక్షల సంగతి మర్చిపోకండి.

ల్యాబ్_లలిత · మే 17, రాత్రి 9:10

ఆయన సంతానానికి, తోడబుట్టినవాళ్లకు కూడా కోలనోస్కోపీ ఉంది. మామూలుగా 40 ఏళ్లకు, లేదా ఇంట్లో క్యాన్సర్ బయటపడిన వయసుకు పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు. మీ వయసెంత?

మిర్చిరైతు_కొడుకు · మే 17, రాత్రి 9:40

నాకు 34, ఆరేళ్లు ఉంది. బాబాయ్‌కి మాత్రం 54. వచ్చే మంగళవారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. నిన్నటి నుంచి ఫోన్ ఎత్తట్లేదు. పిన్ని చేత అడిగించాడు, అది కూడా రోబోతో చేస్తారా అని.